సిలికాన్ హోస్ వేశాక పొద్దున్నే కూలెంట్ చెమ్మ: ఏ క్లిప్పు ఎక్కడ వేయాలి?

పొడి_రోడ్డు:
1.5 లీటర్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. రేడియేటర్ పై హోస్, కింది హోస్, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ హోస్ మూడూ సిలికాన్‌వి వేయించాను. కూలెంట్ హోసులు లోపల 32 మి.మీ., ఇంటర్‌కూలర్‌ది 57. గోడ మందం అన్నింటికీ 5 మి.మీ. షెడ్డులో చిల్లుల పట్టీని స్క్రూతో లాగే మామూలు జూబ్లీ క్లిప్పులు (వార్మ్ క్లాంపులు) బిగించారు. ఇంజన్ వేడిగా ఉంటే చుక్క రాదు. రాత్రంతా నిలబెడితే పొద్దున రేడియేటర్ మూతి (హోస్ ఎక్కే గొట్టం) దగ్గర గులాబీ రంగు చెమ్మ. రెండుసార్లు బిగించాను, నాలుగు రోజులు ఆగి మళ్ళీ మొదలు. ఒకరు టీ-బోల్ట్ క్లాంపు (వెడల్పు పట్టీని బోల్టు, నట్టుతో బిగించేది) అంటారు, ఒకరు కంపెనీ స్ప్రింగ్ క్లిప్పులే మళ్ళీ వేయమంటారు. ఏది కరెక్టు?

మూడో_పానా:
ముందు ఆ బిగించడం ఆపండి బ్రదర్. ఒక క్లిప్పు విప్పి హోస్ మీద చూడండి. జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు, పట్టీ చిల్లుల్లోంచి సిలికాన్ గళ్ళు గళ్ళుగా ఉబికి ఉంటుంది. చిల్లుల అంచులు కత్తుల్లాంటివి, సిలికాన్ రబ్బరు కంటే మెత్తన. బిగించినకొద్దీ పట్టీ దిగుతుంది తప్ప పట్టు పెరగదు. కోత లోపలి గుడ్డ పొర దాకా వెళ్తే ఆ హోస్ పని అయిపోయినట్టే.

చల్లారాకే ఎందుకు కారుతుందంటే, సిలికాన్ వేడికి లోహం కంటే పది రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. రెండు వైపుల గోడ కలిపి 10 మి.మీ. మందం, 70 డిగ్రీల తేడా అంటే సుమారు 0.2 మి.మీ. మార్పు. వేడిలో ఉబ్బి క్లిప్పుకేసి నొక్కుకుంటుంది, నొక్కుకున్న చోట కొంత శాశ్వతంగా అణిగిపోతుంది. చల్లబడ్డాక కుంచించుకుంటుంది, క్లిప్పు మాత్రం బిగించిన చోటే ఉంటుంది. ఆ సందులోంచే మీ గులాబీ చెమ్మ.

కాబట్టి కూలెంట్ హోసులకి స్ప్రింగ్ గుణం ఉన్న వార్మ్ క్లాంపు వేయండి. స్క్రూ తల కింద గిన్నెల్లాంటి వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, 'కాన్‌స్టంట్ టెన్షన్' అని అడగండి. హోస్ కుంచించుకుంటే వాషర్లు విచ్చుకుని పట్టీని లాగి పట్టుకుంటాయి. వాషర్లు పూర్తిగా చదును అయ్యేదాకా తిప్పితే మళ్ళీ మామూలు క్లిప్పే, కొంచెం గిన్నె వాటం మిగలాలి. దొరక్కపోతే రెండో ఎంపిక: పట్టీ లోపల నున్నటి రేకు (లైనర్) ఉన్నది, లేదా చిల్లుల బదులు గాడులు అచ్చు వేసి అంచులు పైకి మడిచిన పట్టీ. 9 మి.మీ. కంటే 12 మి.మీ. వెడల్పు మేలు, ఒత్తిడి పరుచుకుంటుంది.

సైజు హోస్ లోపలి కొలతతో కొనకండి, షాపుల్లో సగం తప్పులు ఇక్కడే. 32 + 5 + 5 = 42. మూతికి ఎక్కించాక వెర్నియర్‌తో బయటి కొలత తీయండి. 42కి 32–50 క్లిప్పు దాదాపు మధ్యలో పడుతుంది. 40–60 వేస్తే బిగించాక తోక పొడుగ్గా మిగిలి పక్క హోస్‌ని గీకుతుంది, పట్టీ కూడా గుండ్రంగా కూర్చోదు.

భీమిలి_డీజిల్:
పైవారు చెప్పింది కూలెంట్‌కి. ఇంటర్‌కూలర్ హోస్‌ది వేరే లెక్క, అక్కడ లీకు కంటే హోస్ ఊడిపోవడమే భయం. 57 మి.మీ. పైపులో 1.5 బార్ బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) అంటే వంపు దగ్గర సుమారు 380 న్యూటన్లు, దాదాపు 39 కిలోల బరువు హోస్‌ని బయటికి లాగుతున్నట్టు. ఇక్కడ టీ-బోల్ట్ సరైనది. బయటి కొలత 67 కాబట్టి 64–72 లాంటి రేంజ్ తీసుకోండి. టీ-బోల్ట్ సర్దుబాటు తక్కువ. పెద్దది వేస్తే నట్టు మర చివరికి చేరినా పట్టు రాదు. మరీ చిన్నది వేస్తే పట్టీ కొసలు కలవక, బోల్టు కింద సందుని కప్పే రేకు నాలుక అందని చోట గాలి తప్పించుకుంటుంది.

పైపు చివర ఉబ్బు గీత ఉందా చూడండి. 1.5–2 మి.మీ. ఎత్తు ఉన్నా చాలు. క్లాంపు ఆ గీత మీద కాదు, గీత దాటాక లోపలి వైపు ఉండాలి, హోస్ చివరి నుంచి 5 మి.మీ. వదలాలి. గీత మీదే బిగిస్తే హోస్ కోసుకుంటుంది, క్లాంపు జారుతుంది. గీత లేని నున్న పైపుకి ఎంత ఖరీదు క్లాంపు వేసినా ఆగదు.

నూనె, గ్రీజు రాసి హోస్ ఎక్కించొద్దు. బూస్ట్ పైపుల లోపల ఎలాగూ ఆయిల్ పొర ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పైపునీ హోస్ లోపలి భాగాన్నీ తుడవండి. అదే తడి మీద హోస్ జారి ఎక్కుతుంది, తర్వాత ఆవిరైపోతుంది. అన్నట్టు, టర్బో నుంచి గాలి బయటికొచ్చే పైపుకి మామూలు సిలికాన్ హోస్ వేస్తే, ఆయిల్ తగిలి కొన్నాళ్ళకి ఉబ్బి మెత్తబడుతుంది. లోపల ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది అడగండి.

సముద్రం పక్కన ఉంటే క్లాంపు లోహం గ్రేడ్ కూడా చూడాలి. డబ్ల్యూ1 అంతా జింకు పూత. డబ్ల్యూ2లో పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం పూత, ముందు తుప్పు పట్టేది అదే. డబ్ల్యూ4 మొత్తం 304 రకం స్టెయిన్‌లెస్. మా విశాఖ తీరంలో డబ్ల్యూ4 కంటే తక్కువ పెట్టొద్దు. షాపులో అయస్కాంతం పెట్టి చూడండి: స్క్రూకి గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు.

సైలెన్సర్_గారు:
టీ-బోల్ట్‌నే రేడియేటర్‌కీ వేసేస్తే గొడవ ఉండదుగా? ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

మూడో_పానా:
కాదండీ. ఆ బండ్ల రేడియేటర్ ట్యాంకులు చాలావరకు గాజునార కలిపిన నైలాన్‌వి. టీ-బోల్ట్ ఎం6 నట్టుని 10 నంబరు పానాతో చేతిలోంచి బలం పెట్టి తిప్పితే మూతికి పగులు వస్తుంది. అది వేడెక్కాకే బయటపడుతుంది, అప్పుడు మార్చాల్సింది క్లిప్పు కాదు, రేడియేటర్.

కంపెనీ స్ప్రింగ్ క్లిప్పు సంగతి: అది చెడ్డది కాదు, చల్లబడ్డాక పట్టు పోనివ్వనిదే అది. కాకపోతే పాత రబ్బరు హోస్ బయటి కొలతకి చేసింది. సిలికాన్ గోడ మందం ఎక్కువైతే మరీ విచ్చుకుని, స్ప్రింగ్ సాగిపోతుంది. చాలావాటికి చెవుల మీద సైజు అచ్చు వేసి ఉంటుంది. మీ 42కి సరిపడే కొత్తది దొరికితే నిరభ్యంతరంగా వేయండి.

పొడి_రోడ్డు:
విప్పి చూశాను, మీరన్నట్టే గళ్ళు పడ్డాయి. కోత గుడ్డ పొర దాకా లేదు. మూతి మీద తెల్లటి పొక్కు ఉంది. హోస్ అలాగే వాడొచ్చా? బిగింపు ఎంత?

మూడో_పానా:
హోస్ చివర 10 మి.మీ. కోసేసి వాడొచ్చు, పొడవు సరిపోతేనే. కోత నిటారుగా రావాలి, వంకర కోతకి క్లాంపు కూడా వంకరగానే కూర్చుంటుంది. పొడవు చాలకపోతే కొత్తది.

ఆ తెల్ల పొక్కు అల్యూమినియం ఆక్సైడ్, అంటే ఆ మూతి నైలాన్‌ది కాదు, ఇంజన్ మీద థర్మోస్టాట్ వైపు లోహపుది అయుండాలి. గిన్నెలు తోమే పచ్చ పీచుతో చుట్టూ తిప్పుతూ రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతలే కూలెంట్‌కి కాలువలు. గ్యాస్కెట్ గమ్ పూయొద్దు, ఆరేలోపు హోస్‌ని జారనిస్తుంది. హోస్ ఎక్కించడానికి లోపల కాస్త కూలెంట్ తడి చాలు.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి 7 లేదా 8 నంబరు సాకెట్ తీసుకోండి. 12 మి.మీ. లైనర్ క్లిప్పుకి 4–5 న్యూటన్ మీటర్లు, తయారీదారు వేరే అంకె ఇస్తే అదే. టార్క్ రెంచ్ లేకపోతే, పట్టీ అంచు హోస్‌తో సమానంగా కూర్చున్నాక ఇంకో పావు మర. అంచు లోపలికి దిగడం మొదలైతే అప్పటికే ఎక్కువైనట్టు. ఒకసారి ఇంజన్ పూర్తిగా వేడెక్కి చల్లారాక మళ్ళీ చూసి, అవసరమైతే ఒక్కసారి సరిచేయండి. అక్కడితో ఆపేయాలి.

పరీక్ష పొద్దున చల్లటి ఇంజన్ మీదే చేయండి, మీ లీకు వచ్చేది అప్పుడే. ప్రెషర్ టెస్టర్‌తో రేడియేటర్ మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి, ఉదాహరణకి 1.1 ఉంటే 1.1 బార్, పెట్టి 15 నిమిషాలు వదలండి. ముల్లు కదలకూడదు. హోస్ చుట్టూ టిష్యూ కాగితం చుట్టి చూడండి, కంటికి కనబడని తడి దానికి దొరుకుతుంది.