అమరావతి ఫలకం స్తూపంలో ఎక్కడిదో తేల్చేదెలా?

శిల్పరేఖ:
అమరావతి రాళ్లు చెన్నైలో కొన్ని, లండన్‌లో కొన్ని ఉన్నాయి. ఏ రాయి స్తూపానికి ఏ దిక్కున ఉండేదో పాత తవ్వకాల నివేదికల్ని బట్టి చెప్పగలమా? ఏ నివేదికను ఎంతవరకు నమ్మొచ్చు?

పాతదిబ్బ:
చాలావాటికి చెప్పలేం. 1797లో బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చేసరికే అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరి కోసం స్తూపం దిబ్బలో రాయి, ఇటుక తీయిస్తున్నాడు. 1816లో మళ్లీ వచ్చి చూస్తే నడిమధ్యన చెరువు గుంట! అయినా మెకంజీ బృందం గీసిన బొమ్మలే ముందు చూడాలి. తర్వాత పగిలినవి, పోయినవి వాటిలో నిండుగా ఉన్నాయి. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ తీయించిన రాళ్లు మద్రాసులో ఏళ్లతరబడి ఆరుబయట పడున్నాయి. 1859లో అవి లండన్‌కు ఓడెక్కాయి గానీ, ఏది ఎక్కడ దొరికిందో చెప్పే కాగితాలు వాటి వెంట లేవు. 1877లో ఇంకో అధికారి రాబర్ట్ స్యూయెల్ వాయవ్య భాగాన్ని తవ్వి రాయి రాయికీ చోటు రాశాడు. దిక్కు కావాలంటే అదే పనికొస్తుంది. అసలు దెబ్బ 1880లో పడింది. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ మొత్తం తవ్వేయమన్నాడు. ఏడాది తర్వాత పురావస్తు సర్వే నుంచి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి. ఏ పొరలో ఏది ఉండేదో ఆ లెక్క అక్కడితో పోయింది.

ఉష్ణీషం:
దిక్కు తెలియకపోయినా ఏ భాగానిదో రాయే చెబుతుంది. పక్కల్లో నిలువునా మూడేసి కోలగుంటలుంటే అది స్తూపం చుట్టూ ఉండే ప్రాకారపు స్తంభం. స్తంభాల మధ్య అడ్డంగా వచ్చే రాళ్లు (సూచులు) దిగేది వాటిలోకే. మెలికలు తిరిగిన దండ మోసే మనుషులుంటే ఉష్ణీషం (ప్రాకారం స్తంభాల మీద అడ్డంగా పరిచే రాయి) బయటి ముఖం, కథలుంటే లోపలి ముఖం. ఫలకం మీద స్తూపమే చెక్కి ఉంటే అండం (స్తూపం గుండ్రటి గోపురం) కింది వేదికకు తాపిన రాయి అనుకోవచ్చు.

వెనక వైపు చూడకుండా కాలం మాత్రం కట్టొద్దు. లండన్‌లోని ఒక ఫలకానికి ఒకవైపు బోధివృక్ష పూజ, క్రీ.పూ. నాటి శైలి. రెండో వైపు క్రీ.శ. 3వ శతాబ్దపు స్తూపం. పాత రాయిని తిప్పి మళ్లీ చెక్కారు. ఒక్క ముఖం ఫొటోతో తీర్పు చెబితే మూడు వందల ఏళ్లు తేడా వస్తుంది.



శిల్పరేఖ:
మరి శాసనాలు?

పాతదిబ్బ:
దాత పేరు, ఊరు, వృత్తి దొరుకుతాయి. బ్రాహ్మీ అక్షరాల తీరుతో కాలం ఉజ్జాయింపుగా పట్టొచ్చు. దిక్కు చెప్పేవి అరుదు. 'దక్షిణ ఆయకం' (ఆయకం అంటే వేదిక నుంచి ముందుకు వచ్చిన అరుగు) లాంటి మాట కనబడితే ఆ రాయికి చోటు దొరికినట్టే. ఆయకాలు నాలుగు దిక్కులా ఉండేవి, ఒక్కోదానికి ఐదు స్తంభాలు. కానీ ఆ మాట రాయి చెక్కిన నాటి చోటును చెబుతుంది. తర్వాత దాన్ని ఇంకోచోట వాడి ఉంటే స్యూయెల్ రాసిన చోటుకూ దానికీ పొంతన కుదరదు.