‘డూమ్’కు ‘విధి’ అని రాస్తే తప్పా?

మాస్టారూ, నమస్కారం. ‘డూమ్’ అనే ఇంగ్లీషు మాటకు ‘విధి’ అని అర్థం రాసిన మీ ఆమదాలవలస విద్యార్థికి మార్కు తగ్గించవద్దని నా మనవి. ‘వినాశం’ అని రాసినవారికన్నా ఆ పిల్లవాడే మాట మూలానికి దగ్గరగా వెళ్లాడు.

పాత ఇంగ్లీషులో ఈ మాటకు తీర్పు, శాసనం అనే అర్థాలుండేవి. న్యాయాధిపతి చెప్పినదీ, రాజు చేసిన చట్టమూ రెండూ డూమే. తీర్పు కాస్తా శిక్షగా, శిక్ష తప్పించుకోలేని రాతగా, ఆ రాత కీడుగా మారుతూ వచ్చి, నేటి వాడుకలో కీడు ఒక్కటే మిగిలింది. 1086లో విలియం రాజు ఇంగ్లండు భూములను లెక్కగట్టించి రాయించిన గ్రంథానికి ‘డూమ్స్‌డే బుక్’, అంటే తీర్పుదినపు పుస్తకం, అన్న పేరు నిలవడానికి కారణం కూడా, అందులోకి ఎక్కిన మాటపై అంతిమ తీర్పుపై లాగే ఇక అప్పీలు ఉండదన్న భావమే.

ఇంకా ఆనందం కలిగించే సంగతి ఒకటుంది. ‘ఉంచు, నిలుపు’ అనే అర్థం గల ఒకే ప్రాచీన ధాతువు నుంచి అటు డూమ్, ఇటు సంస్కృతంలోని ‘ధా’ పుట్టాయని భాషాశాస్త్రం చెబుతుంది. ఆ ‘ధా’కు ‘వి’ చేరితేనే మన విధి, విధాత, విధానం ఏర్పడ్డాయి. ఉద్యోగి విధులు, కోర్టు విధించిన జరిమానా, ‘విధి వక్రించింది’ అన్న నిట్టూర్పు, ఇవన్నీ మనకు నేటికీ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లీషులో ఆ పాత గౌరవం కింగ్‌డమ్, విజ్‌డమ్ వంటి మాటల చివర మాత్రమే దాగి ఉంది.

‘డూమ్స్‌డే’ని ప్రళయం అనడం మాత్రం నాకు సమ్మతం కాదు. మన జిల్లా చర్చిలలో చదివే తెలుగు బైబిలులో ‘విమర్శదినము’ అని ఉంది. మంచిచెడ్డలను విచారించి తేల్చే రోజన్న భావం అందులో చక్కగా పలికింది. ప్రళయంలో విచారణ లేదు.

అయితే తుపానులో చిక్కిన పడవ గురించి ఇంగ్లీషువారు ‘డూమ్డ్’ అన్నప్పుడు ‘విధి’ అతకదు. ‘ఇక మునగక తప్పదు’ అంటేనే తెలుగు. అందుచేత రాబోయే పరీక్షలో మాటను విడిగా ఇవ్వక, వాక్యంలో పెట్టి అడగండి.