మత్తా, కైపా?

మత్తు, కైపు ఒకటేనా? నిఘంటువు చూస్తే ఒకదానికి ఇంకోటి అర్థం. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు.

ఆమధ్య ఇటలీలో బరోలో అనే ఊళ్ళో ఆ ఊరి పేరిటి వైనే తాగాను. నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. 38 నెలలు మాగితే గానీ అమ్మకూడదని చట్టం, అందులో 18 నెలలు చెక్కపీపాల్లోనే. రంగు పలుచన. ఎండు గులాబీలూ తారూ కలిసినట్టు వాసన. నోట్లో పోసుకోగానే మామిడి పిందె కొరికినంత వగరు. ఆ వగరు మెల్లగా కరుగుతుంటే, ఎందుకో తెలీదు, మా అమ్మమ్మగారి పెరడు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. తాగింది సగం గ్లాసు. తూలింది లేదు, మాట తడబడింది లేదు. దాన్ని మత్తు అనడానికి నోరు రాలేదు.

వాడుక చూడండి. మత్తు కమ్ముతుంది, ముంచుతుంది, చివరికి వదులుతుంది. నిద్రమత్తు ఉంది, నిద్రకైపు లేదు. ఆపరేషన్‌కి మత్తు డాక్టరు వస్తాడు, కైపు డాక్టరు రాడు (వస్తే బాగుండు). కైపు ఎక్కుతుంది. పాట విన్నా ఎక్కుతుంది, పద్యం చదివినా ఎక్కుతుంది. తెలివి తప్పనక్కర్లేదు.

కైపు అనే మాట ఉర్దూ 'కైఫ్' నుంచి వచ్చింది. అరబ్బీలో 'కైఫ' అంటే 'ఎలా' అని. దాన్నుంచి 'ఎలా ఉన్నామో ఆ స్థితి', ఆపైన 'హాయి'. టర్కీ వాళ్ళకి 'కెయిఫ్' అంటే ఇప్పటికీ తీరిగ్గా అనుభవించే సుఖమే.

ఒక వ్యాఖ్య: అన్నా, మా దిక్కు కైపు అనెటోళ్ళు తక్కువ, దేనికైనా నిషానే. పొద్దుగాల దించిన ఈత కల్లు తాగి చెట్టు కింద కూసుంటె మాత్రం మా తాత 'పానం సల్లగైంది' అనెటోడు.

ఇంకో వ్యాఖ్య: అరబ్బీ దాకా ఎందుకండీ, మన కావ్యశైలుల్లో ద్రాక్షాపాకం ఉండగా?

టపా రాసినవారు: మేష్టారూ, ద్రాక్షాపాకమంటే నోట్లో వేసుకోగానే కరిగేది కదా. ఇది ద్రాక్షతో చేసిన నారికేళపాకమండీ. పీచు వలిచి, చిప్ప పగలగొడితే గానీ నీళ్ళు దొరకవు. తమ్ముడూ, 'పానం సల్లగైంది' రాసిపెట్టుకున్నా. మీ తాత ఆ మాట మందుకీ వాడేవాడా?

జవాబు: కల్లుకే అన్నా. మందు తాగిన్నాడు ఆయినకు మాటనే రాకపోయేది.