పెళ్లి కాలేదు, ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఈ ఫైలు నేను చూడవచ్చా?

ప్రశ్న: నమస్కారం. నేను అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగిని. మూడేళ్లుగా ఒకరితో సహజీవనం చేస్తున్నాను. ఒక కాంట్రాక్టుకు వచ్చిన బిడ్లను పరిశీలించే బృందంలో నిన్న నా పేరు వేశారు. ఫైలు తెరిచి చూస్తే మూడో బిడ్ ఆయన పనిచేసే కంపెనీది. వెంటనే మూసేశాను. ఆస్తులు, ఆదాయాలు తెలపడానికి మేము ఏటా నింపే 450 ఫారంలో భార్య లేదా భర్త వివరాలే అడుగుతారు. "ఆయన నీ భర్త కాదు కదా, నీకేమీ వర్తించదు" అంటున్నారు తోటి ఉద్యోగి. నిజమేనా?

జవాబు: ఫైలు మూసేసి మంచి పని చేశారండీ. మీ తోటి ఉద్యోగి చెప్పినది సగమే నిజం. ఉద్యోగానికి ఎసరు పెట్టేది ఆ మిగతా సగమే.

క్రిమినల్ చట్టంలోని 208వ సెక్షను ప్రకారం మీకు, మీ భర్తకు, మైనరు పిల్లలకు డబ్బు లాభనష్టాలున్న వ్యవహారంలో మీరు అధికారికంగా పాల్గొంటే నేరం. అందులో 'పార్ట్‌నర్' అన్న మాట కనిపిస్తుంది గానీ అది వ్యాపార భాగస్వామి గురించి. సహజీవనం చేసేవారు ఆ జాబితాలో లేరు. అయితే ఫెడరల్ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలలో 2635.502 అని ఒకటి ఉంది. అది పెళ్లి అయిందా అని అడగదు, ఒకే ఇంట్లో ఉంటున్నారా అని అడుగుతుంది. ఈ కాంట్రాక్టు వస్తే ఆయన జీతమో బోనసో పెరిగేటట్టుంటే, లేదా కంపెనీ తరఫున ఆయనే మీ కార్యాలయంతో మాట్లాడుతుంటే, సంగతంతా తెలిసిన మామూలు మనిషికి మీ నిష్పాక్షికతపై అనుమానం వస్తుందా అని ఆలోచించాలి. వస్తుందంటే అనుమతి లేకుండా ఆ ఫైలు ముట్టకూడదు.

ఒక్కటి తప్పకుండా చూసుకోండి. మీ ఇద్దరి పేరు మీదా జాయింటు ఖాతాలో ఆ కంపెనీ షేర్లు ఉన్నాయా? ఉంటే అందులో మీ వాటా మీ సొంత ఆస్తే. అప్పుడు 208 నేరుగా మీకే తగులుతుంది.

మీ శాఖలో ఈ నియమాలపై సలహా ఇచ్చే ఎథిక్స్ అధికారికి ఈ రోజే రాతపూర్వకంగా చెప్పండి. అన్నీ దాచకుండా చెప్పి, ఆ సలహా ప్రకారం నడుచుకుంటే ఈ ప్రవర్తనా నియమాల కింద క్రమశిక్షణ చర్య ఉండదు. అయితే ఆ అధికారి మీ సొంత లాయరు కాదు. మీరు చెప్పినది రహస్యంగా ఉంటుందనుకోకండి. పెళ్లి కాలేదని మొహమాటపడి మాత్రం దాచకండి. మనవాళ్లు ఈ మొహమాటంతోనే చిక్కుల్లో పడుతుంటారు, చూస్తే బాధగా ఉంటుంది. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ బిడ్ల మాట రానివ్వకండి.

మరొకరు: నేను కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యోగిని. ఇక్కడ మేము నింపే 700 ఫారంలో భార్యాభర్తలతో పాటు రిజిస్టరు చేసుకున్న సహజీవన భాగస్వామి ఆదాయమూ చూపాలి. ఫెడరల్‌లో అలా కాదు కదా?

జవాబు: కాదండీ. 208 విషయంలో ఫెడరల్ ప్రభుత్వం పెళ్లినే లెక్కలోకి తీసుకుంటుంది. స్వలింగ దంపతుల పెళ్లికీ అదే లెక్క. రాష్ట్రంలో చేసుకున్న సహజీవన రిజిస్ట్రేషను పెళ్లి కిందకు రాదు. పెళ్లి చేసుకుంటే మాత్రం ఆ రోజు నుంచే 208 వర్తిస్తుంది. అది మరిచిపోయి పాత ఫైళ్లు చూస్తూ ఉండిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. జాయింటు ఖాతాలో ఆ షేర్లు లేవు. "మూడో బిడ్ వేసిన కంపెనీలో నాతో ఒకే ఇంట్లో ఉంటున్న వ్యక్తి ఉద్యోగం చేస్తున్నారు. ఈ పరిశీలన నుంచి నన్ను తప్పించగలరు" అని ఎథిక్స్ అధికారికీ మా పై అధికారికీ మెయిల్ పంపాను. సాయంత్రానికి ఆ ఫోల్డరు నా కంప్యూటర్‌లో తెరుచుకోవడం ఆగిపోయింది.