పెద్దబాపు హామ్ రేడియో గది: సంవత్సరీకానికి ముందు దేనితో మొదలుపెట్టాలె?

వడ్డేపల్లి కట్ట (ప్రశ్న; ఇక్కడ రాసినవాళ్ల పేర్లన్నీ మారుపేర్లు)

మా పెద్దబాపు 1964లో నేవీలో చేరి, టెలిగ్రాఫిస్టుగా పనిచేసి 1979లో పెన్షన్ మీద ఇంటికొచ్చారు. మరుసటేడు నుంచి హన్మకొండలో వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్‌తో (స్టేషన్ గుర్తుతో) హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకు నడిపే రేడియో స్టేషన్, నడిపారు. పోయినేడు కాలం చేశారు. ఏప్రిల్‌లో సంవత్సరీకం. ఆ రోజు చుట్టాలకు, ఆయన రేడియో దోస్తులకు ఇవ్వడానికి చిన్న జ్ఞాపిక పుస్తకం వేసి, ముందు గదిలో ఆయన సామాను పెడదామనుకుంటున్నం.

ఉన్నవి: 1980 నుంచి లాగ్ పుస్తకాలు, రెండు రేకు డబ్బాల నిండా క్యూఎస్ఎల్ కార్డులు (రేడియోలో మాట్లాడినట్టు హామ్‌లు ఒకరికొకరు పంపుకునేవి), ఎఫ్‌టీ-101 సెట్టు (ప్రసారం చేసే, వినే రేడియో), ఇత్తడి మోర్స్ కీ, కొన్ని మెడల్స్, స్లాబు మీద 30 అడుగుల జీఐ పైపు, దానికి డైపోల్ (రెండు రెక్కల తీగ యాంటెన్నా). ఇంట్లో లైసెన్సు ఎవరికీ లేదు. పైపు, సెట్టు కలిపి పాతసామాను వాళ్లకు ఇచ్చెయ్యమని ఒకరి సలహా. లాగ్ పుస్తకాల్లో అంకెలు తప్ప నాకేం అర్థమైతలేదు.

పొద్దటి నెట్

పాతసామాను మాట పక్కన పెట్టండి తమ్ముడూ. ట్రాన్స్‌మిటర్ ఉంచుకునే వాళ్లకూ, తీసుకునే వాళ్లకూ లైసెన్సు ఉండాలి. తూకానికి అమ్మితే అది ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. లైసెన్సు ఆయన పేరు మీదది, వారసులకు బదిలీ కాదు. మరణ ధ్రువపత్రం నకలు పెట్టి, లైసెన్సు నంబరు రాసి, ఢిల్లీలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగానికి ఉత్తరం పంపండి. సెట్టు ఎవరికి అప్పజెప్తున్నారో అందులోనే రాయండి, తీసుకునే హామ్ లైసెన్సు నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. మనిషి దొరక్కపోతే హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగండి. 1983 నుంచి ఉన్న సంస్థ, ఇట్లాంటివి వాళ్లకు కొత్త కాదు.

కానీ మొదలుపెట్టాల్సింది సెట్టుతో కాదు, కాగితాలతో. సెట్లు ఇంకా దొరుకుతాయి, లాగ్ పుస్తకం ఒక్కటే కాపీ.

లాగ్‌లో ఒక్కో వరుస ఒక్కో మాటామంతీ: తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, మోడ్ (ప్రసారం చేసిన పద్ధతి), అవతలి కాల్‌సైన్, ఇచ్చిన రిపోర్టు, అందుకున్న రిపోర్టు. రిపోర్టు మాటల్లో అయితే 59 లాంటి రెండంకెలు, మోర్స్‌లో అయితే 599 లాంటి మూడంకెలు. మొదటిది అర్థమయ్యే తీరు 5 వరకు, రెండోది బలం 9 వరకు, మూడోది స్వరం శుభ్రత 9 వరకు. ఏ పేజీలో మూడంకెలవి ఎక్కువుంటే ఆ రోజుల్లో ఆయన కీ మీద ఉన్నట్టు. మోడ్ గడిలో ఏ3జే అని ఉంటే పాత పద్ధతి, జే3ఈ అని ఉంటే 1982 నుంచి వచ్చిన కొత్త పద్ధతి. రెండూ ఎస్‌ఎస్‌బీయే, అంటే మాటలు పంపే పద్ధతే. తేదీ చెరిగిపోయిన పేజీని వరుసలో పెట్టడానికి ఇది పనికొస్తుంది.

అందరూ బోల్తా పడేది సమయం దగ్గర. హామ్‌లు ఎక్కువగా యూటీసీలో (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో) రాస్తారు, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. లాగ్‌లో 5వ తేదీ 19:10 అని ఉంటే మనకు 6వ తేదీ అర్ధరాత్రి దాటి 12:40. కొందరు ఐఎస్‌టీలోనే (మన గడియారం సమయంలోనే) రాసుకుంటారు, మధ్యలో పద్ధతి మార్చినవాళ్లూ ఉంటారు. ఒక విదేశీ క్యూఎస్ఎల్ కార్డు తీసి, దాని మీది సమయాన్ని లాగ్‌లోని అదే వరుసతో పోల్చండి. కార్డు మీద యూటీసీ ఉంటుంది. రెండూ ఒకటైతే లాగ్ యూటీసీ, ఐదున్నర గంటల తేడా ఉంటే ఐఎస్‌టీ. పుస్తకానికొకసారి ఈ పరీక్ష చెయ్యాలె. లేదంటే జ్ఞాపికలో తేదీలే తప్పు పడతాయి.

2004 డిసెంబర్ పేజీలు ముందుగా తెరవండి. ఆ నెల హామ్ భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లి అండమాన్ నుంచి హామ్ స్టేషన్ నడిపింది. చాలా ఏళ్లుగా గాలిలో వినపడని ప్రాంతం అది, ప్రపంచమంతా కాచుక్కూచుంది. 26న సునామీ వచ్చేసరికి అదే స్టేషన్ వార్తలు మోసే స్టేషన్ అయింది. ఆ రోజుల్లో వీయూ4తో (అండమాన్ గుర్తు) మొదలయ్యే కాల్‌సైన్ ఏదైనా మీ పుస్తకంలో ఉంటే ఆ పేజీని ఫొటోగా వెయ్యండి. దాని పక్కన పొగడ్త వాక్యాలు అక్కర్లేదు.

కార్డులు 9 × 14 సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి 4 × 6 అంగుళాల ఫొటో ఆల్బమ్ జేబుల్లో సరిపోతాయి. మెత్తటి పీవీసీ జేబులు వద్దు, కొన్నేళ్లకు సిరా వాటికి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ అని ఉన్నవి కొనండి. లామినేషన్ అసలే వద్దు. రెండు వైపులా 300 డీపీఐలో స్కాన్, పెన్సిల్ రాత మాసిపోయిన లాగ్ పేజీలు 600లో. స్టాంపులు ఊడదీయకండి. డబ్బాలో అడుగున వేరే కట్ట కట్టి ఉంటే అవి జవాబు రాయాల్సిన కార్డులు కావచ్చు, కలిపెయ్యకండి.

పాత వాల్వు

సెట్టు గురించి. ఎఫ్‌టీ-101లో చివరి దశ వాల్వులతో నడుస్తుంది, లోపల దాదాపు 600 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జి మిగిలే అవకాశం ఉంది. వాటిని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ తెగిపోతే చాలాసేపు నిలుస్తుంది. మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులుపుదామనే ఆలోచన ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆపండి. పైపైన పొడిబట్టతో తుడిస్తే చాలు.

ఏడాదిగా ఆన్ చేయని సెట్టును నేరుగా 230కి పెట్టొద్దు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఊరికే ఉంటే లోపలి ఆక్సైడ్ పొర పలచబడుతుంది, ఒక్కసారి పూర్తి వోల్టేజీ పడితే వేడెక్కి పగులుతాయి. తెలిసినవాళ్లు వేరియాక్‌తో (వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచే ట్రాన్స్‌ఫార్మర్‌తో) గానీ, సిరీస్‌లో 100 వాట్ల పాత రకం బల్బు పెట్టి గానీ, హీటర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి మెల్లగా లేపుతారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే, ప్రకాశంగానే ఉండిపోతే లోపల షార్టు. దానికంటే ముందు వెనక ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (ఎన్ని వోల్టులకు కలిపి ఉందో) చూడాలె. ఈ సెట్టు 100 నుంచి 234 వోల్టుల దాకా వేర్వేరు అమరికలతో వస్తుంది. 117 మీద ఉన్నదాన్ని మన గోడకు పెడితే పొగే.

ప్రదర్శనకు సెట్టును ఆన్ చేయకుండానే పెట్టండి. మైకు, కీ విడిగా పక్కన. ఎవరో పిల్లగాడు బటన్ నొక్కితే యాంటెన్నా లేకుండా ట్రాన్స్‌మిట్ అయి ఫైనల్ వాల్వులు పోతాయి, పైగా లైసెన్సు లేని ప్రసారం.

గై వైరు

పైపు సంగతి ఏప్రిల్ దాకా ఆపకండి. గాలిదుమారాలు అప్పుడే మొదలైతయి, కింద నీళ్లు నిలిచిన జీఐ పైపు సరిగ్గా స్లాబులోకి దిగే చోట తుప్పు పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో అక్కడ గట్టిగా పొడవండి. దిగబడితే మీరు చెయ్యి వెయ్యొద్దు, క్రేన్ పనివాళ్లను పిలవండి.

ఇయ్యాలే చేసేది ఒక్కటి: యాంటెన్నా నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్‌ను సెట్టు నుంచి ఊడదీసి కిటికీ అవతల పడెయ్యండి. ప్లగ్ పీకినంత మాత్రాన పిడుగు ఆగదు, అది కేబుల్ వెంట వస్తది.

దించే రోజు గాలి లేని పొద్దున నలుగురు కావాలె. 40 ఎంఎం, 32 ఎంఎం పైపులు కలిపి 30 అడుగులంటే బరువు 30 కిలోలకు అటూఇటూ ఉంటది, కానీ ఇబ్బంది బరువు కాదు, పొడవు. పైపు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో, అంటే 45 అడుగుల లోపల ఏ వైపైనా 11 కేవీ తీగ ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి లైన్ క్లియర్ (కరెంటు ఆపినట్టు మాట) తీసుకున్నాకే ముట్టుకోండి. మన గల్లీలల్ల తీగ పిట్టగోడకు ఆనుకొనే పోతది.

ముందు డైపోల్‌ను పుల్లీ తాడుతో కిందికి దించండి. 7 మెగాహెర్ట్జ్‌దైతే ఒక్కో రెక్క 10 మీటర్ల పైచిలుకు, చుట్టలు చుట్టి విడిగా కట్టండి. పైపును నిలబెట్టి లాగి కట్టిన గై వైర్లు మూడు ఉంటాయి. పడుకోబెట్టే దిక్కుకు ఎదురుగా ఉన్న గై స్థానంలో ముందు బలమైన నైలాన్ తాడు కట్టి, అది బిగిసినాక మాత్రమే ఆ వైరు విప్పాలె. పక్క రెండు గైల దగ్గర ఒక్కొక్కరు నిలబడి, పైపు దిగుతున్నకొద్దీ వదులు సర్దుతూ ఉంటే అది అటూ ఇటూ తిరగదు. నాలుగో మనిషి అడుగు పట్టుకుంటడు. చాలామంది చేసే తప్పు మూడు గైలూ ముందే వదులు చేయడం. తుప్పు బిగుసుకున్న టర్న్‌బకిల్ (వైరు బిగించే మర) కదలకపోతే వైరు కోసెయ్యండి, పానాతో గుంజులాడితే పైపే ఊగుతది.

పైపు తీసినాక స్లాబులో రంధ్రాన్ని వానల లోపల వాటర్‌ప్రూఫ్ సిమెంటుతో మూయించండి. కోతులు కోయాక్స్ కొరికి ఉంటే ఆ ముక్క పారెయ్యండి, లోపలికి నీళ్లు దిగినాక అది దేనికీ పనికిరాదు.

వడ్డేపల్లి కట్ట

కోయాక్స్ ఇప్పుడే తీసేసిన. తీగ 20 అడుగుల్లోనే ఉంది, లైన్‌మన్‌ను అడుగుతం. రెండు సంగతులు: మెడల్స్ నల్లబడ్డయి, మెరుగు పెట్టించాల్నా? 1971లో ఆయన ఏ ఓడ మీద ఉన్నరో ఇంట్లో తలా ఒకటి చెప్తున్నరు. పిల్లలు కీ ముట్టుకుంటమంటున్నరు.

బ్లూ జాకెట్

మెరుగు వద్దు. మెడల్ అంచు చుట్టూ సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. పాలిష్‌తో రుద్దితే ముందు అరిగేవి ఆ అక్షరాలే. భూతద్దంతో అంచు చదివి రాసుకోండి. 1971 యుద్ధానికి ఇచ్చిన వాటిలో పూర్వీ స్టార్ ఉంటే ఆయన తూర్పు వైపు, పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి వైపు ఉన్నట్టు. సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే దాన్నిబట్టి దిక్కు చెప్పలేం. 25వ స్వాతంత్ర్య వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు వచ్చింది, దానికి యుద్ధంతో సంబంధం లేదు.

ఓడ పేరు మెడల్ చెప్పదు, సర్వీసు కాగితాల్లో పోస్టింగుల వరుస చెప్తుంది. అవి ఇంట్లో లేకపోతే సెయిలర్ల రికార్డులు చూసే కార్యాలయం ముంబైలోని మాన్‌ఖుర్ద్‌లో ఉంది. సర్వీసు నంబరు, పెన్షన్ ఆర్డరు నకలు, మరణ ధ్రువపత్రంతో పెద్దమ్మ గారి సంతకం మీద దరఖాస్తు పంపండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో రాయించుకుంటే ఫారం తప్పులు తగ్గుతాయి. జవాబుకు టైం పడుతుంది కాబట్టి ఈ వారమే పోస్టు చెయ్యండి. కాగితం రాకపోతే జ్ఞాపికలో ఓడ పేరు లేకుండా వెయ్యండి. 1971లో విశాఖలో ఉన్న ప్రతి సెయిలరూ ఘాజీని ముంచినట్టు మన పక్క చాలా ఇండ్లల్లో చెప్పుకుంటరు. టెలిగ్రాఫిస్టు పని దానికంటే తక్కువదేం కాదు: వాచీ కాస్తూ, గరగర శబ్దాల మధ్య వచ్చే కోడ్ గుంపుల్ని ఒక్క అక్షరం పోకుండా రాసుకోవడం. అదే రాయండి.

పాత వాల్వు

పిల్లలకు కీ ఇవ్వొచ్చు, సెట్టుకు కాకుండా చిన్న ఆసిలేటర్‌కు (స్వరం పుట్టించే సర్క్యూట్‌కు) కలిపి. అది గాలిలోకి ప్రసారం చేయదు కాబట్టి లైసెన్సు అక్కర్లేదు. 555 ఐసీ ఒకటి, 10కే, 100కే (కే అంటే వెయ్యి ఓములు) రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, 9 వోల్టుల బ్యాటరీ, 8 ఓముల చిన్న స్పీకరు, దానికి సిరీస్‌లో 10 మైక్రోఫారడ్, 100 ఓములు. 10కే 8వ కాలు నుంచి 7కు, 100కే 7 నుంచి 6కు, 6, 2 కలిపి అక్కడి నుంచి 0.01 భూమికి (బ్యాటరీ మైనస్‌కు). 4ను 8కి కలపండి, 1 భూమి, 3 నుంచి స్పీకరు. స్వరం 690 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, చెవికి హాయిగా ఉంటుంది. కీని బ్యాటరీ ప్లస్‌కూ 8వ కాలుకూ మధ్య పెట్టండి. బ్యాటరీ దగ్గర పెద్ద కెపాసిటర్ వేస్తే అది కీకి ముందే ఉండాలె. తర్వాత వేస్తే కీ వదిలాక కూడా స్వరం సాగి డిట్లు (మోర్స్ చుక్కలు) అతుక్కుంటాయి.

కీ పాయింట్లకు ఉప్పుకాగితం వాడొద్దు, పైపూత పోతుంది. తెల్లకాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, మెల్లగా అదిమి లాగితే నలుపు దానికే అంటుకొస్తుంది. స్ప్రింగు బిగువు, గ్యాపు ఆయన పెట్టుకున్నవి పెట్టుకున్నట్టే ఉంచండి, ఆ స్క్రూలు తిప్పొద్దు.

పిల్లలకు 73 నేర్పండి: డా డా డి డి డిట్, డి డి డి డా డా. హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు పంపే నమస్కారం అది. పది నిమిషాల్లో చేతికొస్తుంది.

పొద్దటి నెట్

ఇంకొకటి మరిచిన. సంవత్సరీకం తేదీ, ఊరు ఒక చీటీ మీద రాసి తెలిసిన హామ్‌కు ఇస్తే పొద్దున 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండు మీద హామ్‌లందరూ కలిసే నెట్‌లో చదువుతరు. కాల్‌సైన్ అక్షరం తప్పు లేకుండా రాయండి. చాలామందికి ఆయన పేరు కంటే అదే తెలుసు.