అప్‌డేట్: యార్క్‌షైర్ డేల్స్‌లో కౌలు భూమికి గ్రాంట్ వచ్చింది

జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. కొత్తగా చూసేవాళ్లకి: ఇంగ్లండ్‌లో, నేషనల్ పార్క్ లోపల, మా అత్తగారివాళ్లు కౌలుకి చేసే గొర్రెల ఫారం. వాగు గట్టుకి కంచె, కూలిన రాతిగోడకి ‘ఫార్మింగ్ ఇన్ ప్రొటెక్టెడ్ ల్యాండ్‌స్కేప్స్’ డబ్బు వస్తుందా అని అడిగాను. నేషనల్ పార్కుల్లాంటి రక్షిత ప్రాంతాల రైతులకి 2021లో డెఫ్రా (బ్రిటన్ ప్రభుత్వ పర్యావరణ, ఆహార, గ్రామీణ వ్యవహారాల శాఖ) పెట్టిన గ్రాంట్ స్కీమ్ ఇది.

వచ్చింది. పని చేసిన సలహా ఒక్కటే: ఫారం నింపే ముందు పార్క్ ఫార్మింగ్ ఆఫీసర్‌కి ఫోన్ చేయమన్నది. ఆయన గంబూట్లేసుకుని వచ్చి, గొర్రెలు తొక్కి తొక్కి జారుడుబల్లలా చేసిన గట్టు చూసి, "కంచె వేస్తే వీటికి నీళ్లెక్కడ?" అన్నారు. అది మాకెవరికీ తట్టలేదు! నీళ్లతొట్టి, పైపు ఖర్చు కూడా అప్లికేషన్‌లో కలిపాం. అప్లికేషన్లు చూసే స్థానిక ప్యానెల్ ఒప్పుకుంది.

కౌలు అడ్డం కాలేదు, భూయజమాని అంగీకారం రాయించుకుంటే సరిపోయింది. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉండాలా అని ఇక్కడ అంత చర్చ జరిగింది గానీ, దాన్ని ఎవరూ అడగలేదు. కంట్రీసైడ్ స్టీవార్డ్‌షిప్‌లో (పర్యావరణానికి మేలు చేసే పనులకి రైతులకి డబ్బిచ్చే ఇంకో ప్రభుత్వ స్కీమ్) ఉన్నా పర్వాలేదు, ఒకే పనికి రెండుచోట్లా డబ్బు తీసుకోకూడదంతే.

మా పనిలో వ్యాపార లాభం లేదు కాబట్టి ఖర్చంతా ఇచ్చారు, లాభం ఉంటే కొంత వాటాయే. అయితే ముందు మన జేబులోంచి పెట్టి, బిల్లులు చూపించాకే డబ్బు చేతికొస్తుంది. గోడ కట్టే మేస్త్రీకి ఇవ్వాల్సింది మాత్రం ముందే సర్దుకోండి.