అప్‌డేట్: మా బాబుకు ఏడీహెచ్‌డీ అన్నారు, ఇప్పుడు మాట మారింది

6 ఏళ్లప్పుడు ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత లేని సమస్య) అన్నారు, 9 ఏళ్లకు ఇంకో డాక్టర్ యాంగ్జైటీ (అతి ఆందోళన) అంటున్నారు, ఎవరిని నమ్మాలి అని పోయిన నెల అడిగాను కదా. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి పిల్లల సైకియాట్రిస్టుకు చూపించాం.

ఏడీహెచ్‌డీ అయితే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలట. మావాడికి బడిలోనే, అదీ చదవమన్నప్పుడే తిప్పలు. పరీక్షలు చేస్తే డిస్లెక్సియా (అక్షరాలు, పదాలు చదవడంలో ఇబ్బంది) అని తేలింది. చదవలేననే భయంతోనే పొద్దున్నే కడుపునొప్పి అనేవాడు. ఆ నొప్పి నాటకమని నేను కోప్పడ్డాను, అదే ఇప్పటికీ బాధ.

"మొదటి డాక్టర్‌ది తప్పనుకోకండి, సాధారణంగా 8 ఏళ్లు నిండితేగానీ డిస్లెక్సియా అని గట్టిగా చెప్పలేం" అన్నారు మేడమ్. ఏడీహెచ్‌డీని కూడా పూర్తిగా కొట్టేయలేదు, 6 నెలలకు మళ్లీ చూస్తారు. పాత రిపోర్టులు, టీచర్ రాసిన కాగితం తీసుకెళ్లమన్న అక్కకు చాలా థాంక్స్. వాటితోనే పని జరిగింది.